కిత్తూరు రాణి చెన్నమ్మ

ఒక యింటి పెద్ద గతించినపుడు ఆ యింటికి వారసుడెవడో నిర్ణయించు అధికారము ఎవరిది? ఇంటివారిదా, లేక బలముగల బయటివానిదా? సామాన్య గృహస్థుని విషయమున ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని 1824వ సంవత్సరమున కన్నడదేశమునందలి ఒక వీరశైవ సంస్థానము ఈ ప్రశ్నకొరకే తన సర్వస్వమును పణముగా ఒడ్డినది. ఆ సంస్థానము కిత్తూరు. ఆ పణమును ఒడ్డిన తల్లి రాణి చెన్నమ్మ.

మన పాఠశాలలలో ఝాన్సీ లక్ష్మీబాయి కథను పిల్లలకు ఏటేట చెప్పుచుందుము. అది చెప్పదగిన కథయే. అయినను లక్ష్మీబాయి కత్తి దూసిన 1857కు ముప్పదిమూడేండ్ల పూర్వమే, దత్తపుత్రుని హక్కు కొరకు ఆంగ్లేయుల నెదిరించిన వీరవనిత మన సమాజమున జన్మించినదని ఎందరు బిడ్డలకు తెలియును? ఆమె జీవితమును, ఆమె మెట్టిన వంశచరిత్రతో కూడ, తెలిసినంత మేరకు ఇచట విన్నవించుచున్నాను.

వంశమూలము

కిత్తూరు బెళగావి, ధార్వాడ పట్టణముల నడుమ నున్నది. నేడు బెళగావి జిల్లాలో చేరినది. ఈ సంస్థానమును స్థాపించినవారు రాజపుత్రులు గారు, సామంతులు గారు. మలెనాటి సాగర ప్రాంతమునుండి వచ్చిన ఇద్దరు లింగాయత వర్తక సోదరులు. వారిలో పెద్దవాడు హిరేమల్లశెట్టి, చిన్నవాడు చిక్కమల్లశెట్టి. వర్తకము విడిచి బిజాపురపు ఆదిల్‌షాహీ సుల్తానుల సైన్యమున కొలువు చేసిరి. వారి పరాక్రమమునకు మెచ్చి సుల్తాను హుబ్బళ్లి ప్రాంతమున సర్‌దేశ్‌ముఖీ హక్కును ఒసగెను. అనగా గ్రామములనుండి శిస్తు వసూలు చేసి, సర్కారునకు చెందవలసినది చెల్లించి, తమ వంతు భాగమును అనుభవించు హక్కు. 1585వ సంవత్సరమును ఈ వంశారంభముగా చరిత్రకారులు గణింతురు. అది మొదలు 1824 వరకు, 239 సంవత్సరములు, ఈ వంశము నిలిచినది.

పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధమున అల్లప్పగౌడ దేశాయి రాజధానిని కిత్తూరునకు మార్చి అచట కోటను కట్టించెను. కోటలోని రాజమందిరపు శిథిలములు నేటికిని కానవచ్చుచున్నవి. ధ్రువనక్షత్రమును చూచుటకై గోడలో అమర్చిన గొట్టమును యాత్రికులు వింతగా తిలకింతురు. కిత్తూరు కల్మఠము దేశాయిలకు రాజగురుపీఠమై వెలసినది. ఇష్టలింగధారులైన ఆ ప్రభువులు మఠమును గౌరవించుచు, మఠము చూపిన త్రోవను మన్నించుచు పాలన సాగించిరి.

అయితే కిత్తూరు చిన్న సంస్థానము. చుట్టును పెద్ద బలములు గలవు. మొదట బిజాపురము, పిదప మొగలులు, ఆ పిదప సవణూరు నవాబులు, పూనా పేష్వాలు, మైసూరు హైదరు, టిపూ సుల్తానులు. ఎవరి చేయి పైనయున్న వారికి కప్పము కట్టి తమ గడపను కాపాడుకొనుటయే కిత్తూరు దేశాయిలకు తరతరముల రాజనీతియైనది. ఇందులో పిరికితనము లేదు. గాలి వీచినపుడు వంగిన రెల్లు గాలి తగ్గగనే లేచి నిలుచును. కాని వంగుట అలవాటైన యింట ఏదో ఒకనాడు వంగరాని సమయము వచ్చును. ఆ సమయము చెన్నమ్మ కాలమున వచ్చెను.

మల్లసర్జ దేశాయి

ఈ వంశమున మిక్కిలి పేరుగన్న ప్రభువు మల్లసర్జ. ఇతడు 1782 మొదలు 1816 వరకు పాలించెను. పాలనారంభమునందే టిపూ సుల్తాను సేనలు కిత్తూరును పట్టుకొనెను. మల్లసర్జ బందీయై కపాలదుర్గమున ఉంచబడెను. అచటినుండి ఉపాయముగా తప్పించుకొని వచ్చి తన సంస్థానమును మరల నిలబెట్టుకొనెను.

చెన్నమ్మ 1778లో బెళగావి సమీపమునందలి కాకతి గ్రామమున జన్మించెను. ఆ యూరి పేరు వినగనే మన తెలుగువారికి ఓరుగల్లు కాకతీయులు స్ఫురింతురు. పేరుల పోలికయే గాని, ఈ కథకు ఓరుగల్లుతో సంబంధము లేదు. తండ్రి ధూళప్ప దేశాయి. బాల్యమునందే గుర్రపుస్వారి, కత్తిసాము, విలువిద్య అభ్యసించెనని ప్రసిద్ధి. కాకతి అడవులలో పెద్దపులి వేటకు వచ్చిన మల్లసర్జ ఈ బాలికను చూచి, ఆమె ధైర్యమునకు ముగ్ధుడై వివాహమాడెనని జనులు కథగా చెప్పుకొందురు. పెద్దరాణి రుద్రమ్మ. చెన్నమ్మ రెండవ రాణిగా కిత్తూరు గడప త్రొక్కెను.

మల్లసర్జకు పేష్వా రెండవ బాజీరావుతో చిక్కు వచ్చెను. ఏటా ఒక లక్షా డెబ్బదియైదు వేల రూపాయల కప్పము కట్టుటకు 1809లో కిత్తూరు అంగీకరింపవలసివచ్చెను. తదుపరి పేష్వా మల్లసర్జను పూనాలో నిర్బంధించెను. చెరలో ఆరోగ్యము చెడి, విడుదలయై యింటికి మరలిన ఆ ప్రభువు 1816లో లింగైక్యుడయ్యెను. నాటికి చెన్నమ్మకు ముప్పదియెనిమిదేండ్లు.

ఒక సనదు, ఒక సంకెల

మల్లసర్జ తరువాత రుద్రమ్మ కుమారుడు శివలింగరుద్రసర్జ గద్దె నెక్కెను. ఇచట ఒక విషయమును దాచక చెప్పవలెను. 1818లో ఆంగ్లేయులు పేష్వాతో యుద్ధము చేయుచు బెళగావి కోటను ముట్టడించినపుడు కిత్తూరు దేశాయి ఆంగ్లేయుల పక్షమున నిలిచి సాయపడెను. తండ్రిని చెరబట్టిన పేష్వాపై కుమారునకు కోపముండుట సహజమే. బెళగావిని పట్టిన సేనాని థామస్ మన్రో. మన దత్తమండలములకు 1800 మొదలు 1807 వరకు కలెక్టరుగానుండి, రాయలసీమ రైతుల నోట నేటికిని నిలిచిన మన్రోయే ఆయన. చేసిన సాయమునకు ప్రతిఫలముగా ఆయన శివలింగరుద్రసర్జకు సంస్థానమును స్థిరపరచుచు సనదు ఇప్పించెను. పేష్వాకు కట్టుచుండిన కప్పము ఇకపై కంపెనీకి కట్టవలెను.

ఆనాడు ఆ సనదు వరముగా తోచినది. కాని ఒకరు ఇచ్చినది వారే తీసికొనగలరను మాట అందు మరుగుపడియుండెను. తమ తాతముత్తాతలు కత్తితో, సేవతో సంపాదించిన గడపకు పరాయివాని ముద్ర వేయించుకొనుట యెంతటిదో కిత్తూరునకు ఆరేండ్లలోనే తెలియవచ్చెను.

శివలింగరుద్రసర్జ రోగపీడితుడు, సంతానహీనుడు. అవసానకాలమున తమ జ్ఞాతివర్గమునందలి మాస్తమరడి గౌడ కుమారుడైన శివలింగప్ప యను బాలుని దత్తత చేసికొని, 1824 సెప్టెంబరు 11వ తేదీన కన్నుమూసెను. కడుపున పుట్టిన బిడ్డలు లేని గృహస్థు దత్తత చేసికొనుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న ధర్మము. గృహస్థునకు ధర్మమైనది ప్రభువునకును ధర్మమే.

నాడు ధార్వాడలో కంపెనీ పక్షమున కలెక్టరుగను, రాజకీయ ప్రతినిధిగను ఉన్నవాడు సెయింట్ జాన్ థాకరే. దత్తతను తెలుపు లేఖ దేశాయి మరణసమయముననే అతనికి చేరెను. ఆ లేఖయందలి సంతకము దేశాయి స్వహస్తముతో చేసినది కాదని అతడు శంకించెను. కంపెనీ అనుమతి లేనిదే దత్తత చెల్లదనెను. పైయధికారుల తుదినిర్ణయము వెలువడుటకు పూర్వమే కిత్తూరునకు వచ్చి, సుమారు పదునైదు లక్షల రూపాయలు విలువచేయు బొక్కసమునకు ముద్రలు వేయించి, కాపలా పెట్టి, పాలనావ్యవహారములను తన మనుష్యుల చేతికి అప్పగించెను.

ఇంట ముగ్గురు దిక్కులేనివారు. ఒకరు దేశాయి విధవ వీరమ్మ, ఆమె పడుచు. ఒకరు దత్తపుత్రుడు, బాలుడు. మరియొకరు ఆ సంస్థానమే. ముగ్గురికిని దిక్కైన పెద్ద చెన్నమ్మ. అప్పటికామె వయస్సు నలుబదియారు. భర్త పోయి ఎనిమిదేండ్లు. పోయినవాడు తన కడుపున పుట్టినవాడు గాడు, సవతి కుమారుడు. దత్తుడైనవాడు ఆ కుమారుని దత్తపుత్రుడు. కంపెనీ యిచ్చు భరణము తీసికొని ఆమె మూలకు కూర్చున్నచో లోకము తప్పుపట్టెడిది కాదు. అయినను ఆమె సంస్థానమును తన సొత్తుగా గాక, తన చేతికి అప్పగింపబడిన సొత్తుగా భావించెను. తన సొత్తును మనుష్యుడు వదలుకొనవచ్చును. అప్పగించిన సొత్తును వదలుకొనుటకు హక్కు లేదు. ఆమె తెగింపునకు మూలమిదియే.

మొదట ఆమె కత్తిని నమ్మలేదు, కలమునే నమ్మెను. దత్తతను మన్నింపుమని థాకరేకు, పైయధికారులకు విన్నపములు పంపించెను. అవి ఫలింపలేదు. ఆ పిమ్మటనే సర్దారు గురుసిద్దప్ప మొదలగువారితో ఆలోచించి కోటను పోరునకు సిద్ధపరచెను.

అక్టోబరు ఇరువదిమూడు

1824 అక్టోబరు 23వ తేదీన కోట తలుపులు మూయబడియుండెను. తెరువుమని థాకరే ఆజ్ఞ. తెరువలేదు. తలుపులను పగులగొట్టుటకు అశ్వఫిరంగి దళమును ముందుకు రప్పించెను. ఇంతలో తలుపులు వాటంతటవే తెరచుకొనెను. కాని తెరచుకొన్నది లొంగుటకు గాదు. లోపలి వీరులు వరదవలె వెలికురికిరి. థాకరే అచటనే హతుడయ్యెను. అమటూరు బాలప్ప యను వీరుని తుపాకి గుండు అతనిని కూల్చెనని ప్రసిద్ధి. బ్లాక్, సీవెల్, డైటన్ అను ఫిరంగిదళపు అధికారులును మడిసిరి. థాకరే సహాయకులైన వాల్టర్ ఇలియట్, స్టీవెన్సన్ అనువారు బందీలైరి.

ఒక చిన్న సంస్థానము, ఒక విధవరాలు నాయకత్వము వహింపగా, భారతదేశమున అడ్డులేక పెరుగుచున్న కంపెనీ సేనను తన గుమ్మమునందే ఓడించెను. ఈ వార్త దక్కను అంతట ప్రాకెను.

జయమునందే మనుష్యుని గుణము బయటపడును. చేత చిక్కిన శత్రువులను చెన్నమ్మ ఏమియు చేయలేదు. సుమారు నలుబది దినములు వారు కోటలో బందీలుగా నుండి డిసెంబరు ఆరంభమున క్షేమముగా విడుదలైరి. వారిలో ఇలియట్ నాటికి ఇరువదియొక్కయేండ్ల యువకుడు. ఇతడు తరువాత కన్నడ శాసనములను వందలకొలదిగా సేకరించెను. ఉత్తర సర్కారులకు కమిషనరుగా తెలుగునాటికి వచ్చి, 1845 ప్రాంతమున అమరావతి స్తూపమును త్రవ్వించి శిల్పములను వెలికిదీయించెను. లండన్ మ్యూజియమునకు చేరిన ఆ శిల్పములకు చాలకాలము ఇతని పేరే నిలిచినది. కిత్తూరు కోటలో ఆ యువకుని ప్రాణము తీసియుండినచో ఈ పనులేవియు అతని చేత జరుగకపోయెడివి. రాణి దయ ఒకటి ఎచటెచట ఎట్లు ఫలించినదో చూడుడు.

రెండవ పోరు, కోట పతనము

దక్కను కమిషనరు చాప్లిన్ సంధిమాటలు నడపెను. బందీలను విడిచినచో యుద్ధము ఆగునని అతడు మాటయిచ్చి తప్పెనని కిత్తూరుసీమ జనులు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఏమైనను బందీలు విడుదలైన పిదప కూడ ముట్టడి ఆగలేదన్నది నిజము. నవంబరు చివరకే లెఫ్టినెంట్ కర్నల్ డీకన్ నాయకత్వమున పెద్ద సేన కిత్తూరును చుట్టుముట్టియుండెను. కిత్తూరువారు కడు ధైర్యముగా పోరిరి. సోలాపురపు సబ్ కలెక్టరు మన్రో ఈ పోరున గాయపడి మరణించెను. ఇతడు థామస్ మన్రోకు సోదరుని కుమారుడు. ఆరేండ్ల క్రిందట పెత్తండ్రి సనదు ఇప్పించిన కోటముందే కుమారుడు కూలుట విధివిలాసము.

కోటలోపలి ద్రోహులు మందుగుండులో పేడ కలిపిరని, అందుచేతనే ఫిరంగులు మ్రోగలేదని ఒక కథ కలదు. ద్రోహమున్నను లేకున్నను, పెద్ద ఫిరంగుల దెబ్బకు గోడలు బీటలువారెను. డిసెంబరు మొదటి వారమున కోట పడిపోయెను. బొక్కసము కంపెనీ వశమయ్యెను. రాణి బందీయయ్యెను. సంస్థానము ఆంగ్ల రాజ్యమున కలిసిపోయెను.

బైలహొంగలలో

చెన్నమ్మను, కోడలు వీరమ్మను బైలహొంగల కోటలో నిర్బంధించిరి. నిన్నటివరకు సంస్థానమునకు తల్లియైన ఆమెకు నాలుగు గోడలు మిగిలెను. కాని ఆమె కంఠమున ఇష్టలింగము మిగిలెను. దానిని సీలు వేయు అధికారము ఏ కంపెనీకిని లేదు. లింగపూజతో, శరణుల వచనశ్రవణముతో ఆమె దినములు గడపెనని పెద్దలు చెప్పుదురు. నాలుగేండ్లకు పైగా ఆ చెరలోనుండి 1829 ఫిబ్రవరి నెలలో ఆమె లింగైక్యము చెందెను. బైలహొంగలలోని ఆమె సమాధి నేటికిని యాత్రాస్థలమే.

వారసుడెవడు?

కథ ఇచటనే ముగిసినచో ఇది ఓడిన యొక రాణి కథ మాత్రమే అయ్యెడిది. కాని కంపెనీ లేవదీసిన ప్రశ్న మిగిలియేయున్నది. కిత్తూరునకు వారసుడెవడు?

ఆ ప్రశ్నకు సమాధానము రాజమందిరమునుండి రాలేదు. సంగొల్లి యను పల్లెనుండి వచ్చెను. రాయన్న ఆ యూరి కురుబ కులమువాడు. గ్రామసేవకు ఈనాము భూమి ననుభవించుచుండిన సామాన్యుడు. 1824 యుద్ధమున పోరాడి బందీయై విడుదలైనవాడు. కంపెనీవారు అతని భూమిలో కొంత లాగుకొని, మిగిలినదానిపై అధికముగా పన్ను విధించిరి. అటువంటి బాధ ఒక్క రాయన్నది మాత్రమే గాదు, ఎన్నో కుటుంబములది. రాణి గతించిన పిదప 1829 చివరనుండి రాయన్న దళములను కూడగట్టి, దత్తపుత్రుడైన శివలింగప్పనే ప్రభువుగా ప్రకటించి, సర్కారు కచేరీలపై పడెను. బీడి గ్రామమందలి కచేరి బూడిదయయ్యెను. అన్యాయపు లెక్కల కాగితములు అగ్నికి ఆహుతియయ్యెను. అతని వెంట పలు కులములవారు నడచిరి. సిద్ది జాతీయుడైన గజవీరుడు అతనికి కుడిభుజముగా నుండెనని ప్రతీతి. కడకు 1830లో స్వజనుల ద్రోహము వలననే రాయన్న పట్టుపడెను. 1831 జనవరి 26వ తేదీన నందగడ గ్రామమున అతనిని ఉరితీసిరి.

దేశాయి వంశమున పుట్టనివాడు, లింగాయతుడు గానివాడు, ఆ యింటి దీపము కొరకు ప్రాణమిచ్చెను. కంపెనీ వారసుడు లేడనెను. సీమయంతయు వారసురాలని రాయన్న నిరూపించెను.

భక్తబంధువులారా! ఈ సత్యము మనకు క్రొత్తది గాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపురమున బసవేశ్వరుడు చూపినది ఇదియే గదా! జన్మమును బట్టి గాక, కాయకమును బట్టి, భక్తిని బట్టి మనుష్యుని చుట్టరికము నిర్ణయించిన మహానుభావుడాయన. మడివాలు మాచయ్యను, మాదర చెన్నయ్యను తన వారిగా భావించి తాను వారి వాడనుకొన్నవాడు. ఆ ధర్మమునే పాల్కురికి సోమనాథుడు మన తెలుగున బసవపురాణముగా పాడెను. స్త్రీకిని పురుషునకు సమముగా ఇష్టలింగమిచ్చిన ఆ ధర్మమే చెన్నమ్మను ఖడ్గము పట్టు ధీరగా నిలిపినది. కులము చూడని ఆ ధర్మపు సారమును, చదివియో చదువకయో, రాయన్న తన నెత్తుటితో వ్రాసెను.

కిత్తూరున జరిగినది కంపెనీకి పాఠము కాలేదు. 1848 మొదలు డల్హౌసీ ప్రభువు దత్తతలను త్రోసిపుచ్చు విధానమును బాహాటముగా నడపి సతారాను, ఝాన్సీని, మరి పెక్కు సంస్థానములను కలుపుకొనెను. 1857లో ఆ పాపము పండెను. దానికి తొలి విత్తనము పడిన చోటు, తొలి అడ్డు లేచిన చోటు కిత్తూరే.

దేశము ఆమెను మరువలేదు. గీగీ పదములలో, లావణీలలో పల్లెజనులు ఆమెను పాడుకొనుచునే యుండిరి. 1961లో బి. ఆర్. పంతులు కన్నడమున తీసిన చలనచిత్రము ఆమె కథను ఇంటింటికి చేర్చెను. 2007 సెప్టెంబరు 11వ తేదీన పార్లమెంటు ఆవరణమున ఆమె విగ్రహము ఆవిష్కరింపబడెను. 2010లో బెళగావి విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. ఆమె జయమునకు రెండువందల యేండ్లు నిండిన 2024 అక్టోబరున కిత్తూరున ఉత్సవములు జరిగెను.

విగ్రహములు, ఉత్సవములు మంచివే. అయితే మన యిండ్లలో, మన మఠములలో ఈ కథను చెప్పుకొనునపుడు కత్తిని మాత్రమే చూడక, ఆ కత్తి వెనుకనున్న ధర్మమును చూడవలెను. మఠపు ఆస్తియైనను, సంఘపు నిధియైనను, పెద్దలు విడిచిన పొలమైనను మన చేతికి అప్పగింపబడినదే గాని మనది గాదు. దానిని కాపాడి తరువాతి చేతికి అందించుటయే మన కాయకము. ఆ తరువాతి చేయి మన కడుపున పుట్టినవానిదే కానక్కరలేదు. కిత్తూరు రాణి చెన్నమ్మ జీవితము మనకు నేర్పునది ఇదియే.

శరణు శరణార్థి.